తోడుగారి భయం

తోడుగారికి భయం. పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు తాళం తీయగానే పట్టుకుని, సాయంత్రం అయిదింటికి తాళం వేయగానే వదిలే భయం. ఎవరి భయం వాళ్ళది, ఇందులో చెప్పుకోవడానికేముంది అని మీరనవచ్చు. ఆయన ఏ బట్టల కొట్టులోనో గుడ్డ కొలిచిచ్చే ఉద్యోగంలో ఉంటే నిజంగానే చెప్పుకునే పని లేదు. కానీ ఆయన నగరపాలక సంస్థ వారి శ్మశానానికి సూపర్వైజరు. అరవై ఎకరాల నేల, ఇరవై తొమ్మిది వేల సమాధులు ఆయన చేతి కింద ఉన్నాయి. వాటిలో ఒక్కదాని దగ్గరికైనా ఆయన ఒంటరిగా వెళ్ళగా చూసినవాళ్ళు లేరు.

"కాస్త తోడు రారూ, నాకు భయం" అనేవాడు. గేటు దగ్గర పూలు పట్టుకుని నిలబడిపోయిన ముసలావిణ్ణి అడిగాడు. అన్న పోయి నెల తిరగని ఒక పెద్దమనిషిని అడిగాడు. కుళాయి బిగించడానికి వచ్చి, గేటు దాటకుండా పానా తిప్పుతూ తచ్చాడుతున్న మనిషిని కూడా వదల్లేదు. అలా అడిగీ అడిగీ ఆయనకి 'తోడుగారు' అన్న పేరు నిలిచిపోయింది. అసలు పేరు సర్వీసు పుస్తకంలో ఉంది, అది బీరువాలో ఉంది, ఆ బీరువా తలుపు బిగుసుకుపోయి చాలా కాలమైంది.

ఇలాంటి మనిషి కిందికి కొత్తగా ఒక గుమాస్తా వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. గ్రంథాలయంలో వెయ్యమని దరఖాస్తు పెట్టుకుంటే శ్మశానంలో వేశారు. చిన్నప్పుడు ఆ గోడ పక్కనుంచి బడికి వెళ్ళాల్సి వస్తే కళ్ళు మూసుకుని పరిగెత్తి, రెండుసార్లు కరెంటు స్తంభానికి గుద్దుకున్న చరిత్ర ఆమెది. ఉత్తర్వు చూసి వాళ్ళమ్మ మంచం పట్టినంత పని చేసింది. ఇరుగుపొరుగుకి మాత్రం "మా అమ్మాయికి తోటల శాఖలో వచ్చింది" అని చెప్పుకుంది. చెట్లున్నమాట నిజమే కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు.

గుమాస్తాని పనిలో చేర్చుకోవడానికి తోడుగారే ప్రధాన కార్యాలయానికి వచ్చాడు. పొట్టి మనిషి, చంకలో గొడుగు, జేబులో సుద్దముక్కలు. అయిదో అంతస్తులో కాగితాలు పూర్తయ్యాక ఆమె లిఫ్టు బొత్తాం నొక్కింది. తలుపు మూసుకోవడమే ఆలస్యం, ఆయన మూలకి ఒదిగి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె సంచీ పట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎంతవరకు వచ్చాం తల్లీ?"

"కిందికి వచ్చేశామండీ."

"తలుపు తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"మొత్తం తెరుచుకుందా?"

శ్మశానంలో కనీసం పై అధికారైనా ధైర్యస్థుడై ఉంటాడని వారం రోజులుగా ఆశపడుతోంది. ఆ ఆశ అక్కడే, లిఫ్టు ముందే, చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున్న మంచు. గేటు లోపల నాలుగు రాళ్ళు కనబడుతున్నాయి, అయిదోది లేదు. రోజూ ఒక వరస రాళ్ళు పరీక్ష చెయ్యడం ఆ ఆఫీసు మొదటి పని. రాతికి రెండు అరచేతులూ ఆనించి, అడ్డంగా నిలబడ్డ పెద్దమనిషిని పక్కకి జరగమన్నట్టు మెల్లగా తొయ్యాలి. కదిలితే సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తు పడ్డ రాళ్ళని పారతాత వచ్చి పడుకోబెడతాడు. పారతాత అంటే అక్కడ గోతులు తవ్వే ముసలాయన. ఆయన చేతిలో పార లేకుండా చూసినవాళ్ళు కూడా లేరు.

"నువ్వు ముందు నడు తల్లీ, నేను వెనకాలే ఉంటా" అన్నాడు తోడుగారు.

"నేనా?"

"నాకు భయం కదా."

"నాకూ భయమేనండీ."

"నీది నిన్నటి భయం. నాది ముప్ఫయి ఎనిమిదేళ్ళ పాతది. ఏది పెద్దదంటావ్?"

సీనియారిటీ ముందు ఏ ఉద్యోగి మాత్రం నోరెత్తగలదు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ముందు నడిచింది. చెప్పుల కింద తడి ఆకులు అణిగినా వెనకనుంచి ఎవరో పిలిచినట్టుంది. కుడివైపు మంచులో ఏదో టకటకమంది.

"ఆ చప్పుడేంటి?" అని తోడుగారు ఆమె వెనక దాక్కున్నాడు. "చూసి రా తల్లీ. నేను ఇక్కడే నీకు కనబడుతూ ఉంటా."

వెళ్ళి చూసింది. ఊడిపోయిన రేకు పలక గాలికి కొట్టుకుంటోంది. వచ్చి చెప్పింది. పది అడుగులు వేశాక ఎడంపక్క పొదలో గలగల. మళ్ళీ "ఆ చప్పుడేంటి?"

"ఉడతండీ."

"ఖాయమా?"

"ఖాయం. తోక చూశాను."

"ఒంటరిదా?"

ఉడత ఒంటరిదైతే ఏంటి, కుటుంబంతో వస్తే ఏంటి అని ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలో కాసేపు భయం గుర్తు రాలేదు. అది ఆమె గమనించలేదు.

భయమేస్తే మాట్లాడుతూ ఉండాలని తోడుగారి సిద్ధాంతం. అందుకని దారి పొడుగునా శ్మశానం చరిత్ర చెప్పేవాడు. ఒకప్పుడు ఊళ్ళో ఎవరి పేటకి వాళ్ళకి ఓ చిన్న శ్మశానం ఉండేదట. జ్వరాల ఏడు వచ్చి అవన్నీ నెల రోజుల్లో నిండిపోతే, ఊరికి దూరంగా అందరికీ కలిపి ఒక స్థలం కొందామని నగర సభలో పెట్టారు. ఒక సభ్యుడు లేచి బల్ల గుద్దాడు. "అంత దూరం ఎవడొస్తాడయ్యా?" అన్నాడు. స్థలం కొన్నారు. పదకొండో రోజున మొదటి సమాధి పడింది.

"ఎవరిదండీ?"

"ఆయనదే. ఒకటో నంబరు. అదిగో, చదువు."

జ్వరాల ఏటి వాళ్ళ వరసల్లో పేర్లు లేవు, ఇనప పలకల మీద నంబర్లే. అక్కడికొచ్చేసరికి తోడుగారు చరిత్ర ఆపేసి ఆ పలకల్ని గుడ్డతో తుడిచేవాడు. తుప్పు పడితే నంబరు కూడా పోతుంది, ఆ తర్వాత వాళ్ళ కోసం ఎవరైనా వస్తే ఏం చూపిస్తాం అనేవాడు. వాళ్ళ కోసం వచ్చేవాళ్ళు కూడా పోయి ఎన్నేళ్ళో అయింది.

రెండో వారంలో అసలు ముప్పు వచ్చింది. ఆమె అరచెయ్యి ఆనించిందో లేదో, నిలువెత్తు రాయి ఒకటి అవతలికి ఒరిగి దబ్బున పడింది. కాళ్ళ కింద నేల అదిరింది. ఆమె కెవ్వుమంది. వెనక తోడుగారు అంతకంటే పెద్దగా కెవ్వుమన్నాడు. రాయి ఇటు పడి ఉంటే అన్న ఆలోచనతో ఆమె సాయంత్రం దాకా వణుకుతూనే ఉంది. ఇంటికి వెళ్ళే ముందు రెండు పేజీల అర్జీ రాసింది. శ్మశాన సూపర్వైజరు మహా పిరికివాడనీ, సిబ్బందినీ సందర్శకులనీ తోడు పేరుతో అరవై ఎకరాలూ తిప్పుతున్నాడనీ, చర్య తీసుకోవలెననీ రాసి కింద 'ఒక బాధితురాలు' అని పెట్టింది. పేరు దాచడంలో అంత జాగ్రత్త పడ్డ మనిషి, కవరు తీసుకెళ్ళి అలవాటు కొద్దీ ఆఫీసు టపా బుట్టలోనే పడేసింది.

అర్జీకి జవాబు లేదు. నెలలు గడిచాయి. రాళ్ళు తోసింది, గుర్తులు పెట్టింది. వాన కురిశాక ఎక్కడెక్కడ నేల కుంగిందో ఇనప చువ్వ గుచ్చి చూడటం నేర్చుకుంది. పాత పెట్టెల మూతలు కుళ్ళి లోపలికి కూలితే పై మట్టి దిగిపోతుంది, అక్కడ కొత్త మట్టి పోసి తొక్కాలి. ఒకరోజు పదో వరసలో పని చేసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే తోడుగారు లేడు. ఆఫీసు గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. తను ఒక్కతే అంత దూరం వచ్చేసిందని అప్పుడు తెలిసింది. అదే రోజు గేటు అవతల గోధుమరంగు కారొకటి ఆగి ఉంది. లోపల మనిషి దిగలేదు. తోడుగారు గొడుగు తీసుకుని గబగబా అటు నడిచాడు గానీ, ఆయన చేరేలోపు కారు వెళ్ళిపోయింది.

"ఏటా ఇదే తంతు" అన్నాడు వెనక్కొచ్చి.

ఏడో నెలలో ప్రధాన కార్యాలయం నుంచి కవరొచ్చింది. విప్పిన గుమాస్తాకి ముచ్చెమటలు పట్టాయి. ఆమె అర్జీ నకలు, దాని మీద విచారణకి ఉత్తర్వు. ఆరోపణ నిజమని తేలితే సూపర్వైజరును ఊరికి ఆ చివరనున్న చెత్త బళ్ళ షెడ్డుకి మార్చెదరు, సర్వీసు పుస్తకం సిద్ధంగా ఉంచవలెను అని రాశారు.

ఆ కాగితాన్ని ముందు సొరుగులో పెట్టింది, తర్వాత సంచీలో పెట్టింది, చివరికి తీసుకెళ్ళి ఆయన బల్ల మీదే పెట్టింది. ఆయన చదివి, తల ఊపి, "పెద్దవాళ్ళు వస్తున్నారు, గేటుకి నూనె వెయ్యాలి" అన్నాడు. ఆమెకి అన్నం సహించలేదు. దెయ్యాలూ భూతాలూ ఎప్పుడో పోయాయి, ఇప్పుడు తన దస్తూరి చూస్తే భయం. రెండేళ్ళలో రిటైరయ్యే ఈ ముసలాయన్ని చెత్త బళ్ళ పాలు చేస్తున్నది తనే.

పారతాత గడ్డపార పెట్టి బీరువా తలుపు పెకలించాడు. సర్వీసు పుస్తకం మొదటి పేజీలో పుట్టిన చోటు అని ఉన్న గడి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. 'ఇదే శ్మశానం, కాపలాదారు గది' అని ఉంది.

"ఇదేంటి తాతా?"

"ఏముందమ్మా, వాళ్ళ నాన్న ఇక్కడ కాపలా. ఇప్పుడు నా పారలు పెట్టుకునే గది లేదూ, అందులోనే పుట్టాడు. ఈ రాళ్ళ మీద పేర్లు చూసే అక్షరాలు నేర్చాడు. మధ్యాహ్నం అన్నం తిని ఒకటో నంబరు మీద నిద్రపోయేవాడు. వాళ్ళమ్మ కర్ర పట్టుకుని లేపేది."

"మరి భయం?"

"ఎవరికి?"

"ఆయనకి."

పారతాత ఆమె వంక జాలిగా చూశాడు. "ఏడు నెలలయింది కదమ్మా నువ్వొచ్చి" అని, పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఒక్కొక్కరే గుర్తొచ్చారు. నలుగురైదుగురు కలిసి వచ్చినవాళ్ళని తోడుగారు ఎప్పుడూ తోడు అడగలేదు. గేటు దగ్గర ఒంటరిగా నిలబడి, లోపలికి కాలు రాక, వెనక్కి వెళ్ళడానికి మనసు రాక ఉన్నవాళ్ళనే అడిగాడు. పూల ముసలావిడ మొదటిరోజు ఆయన చెయ్యి పట్టుకుని, "ఊరుకో నాయనా, ఏం కాదు, నేనున్నా" అంటూ మొగుడి సమాధి దాకా తీసుకెళ్ళింది. ఇప్పుడు ప్రతి ఆదివారం తనే వస్తోంది. అందరికంటే పెద్ద పిరికిదైన తనని ముందు నడిపించి, ఉడతలు లెక్కపెట్టించి, పదో వరసలో వదిలేసి టీ తాగాడు. ఆమెకి సిగ్గేసింది, ఆ మనిషి మీద అభిమానం పొంగుకొచ్చింది, ఆ వెంటనే మళ్ళీ భయమేసింది. ఎందుకంటే ఆయన పిరికివాడు కాదని విచారణలో చెబితే ఉద్యోగం నిలుస్తుంది గానీ, ఆ మాట నలుగురికీ తెలిశాక ఆయనకి తోడు ఎవరొస్తారు? చెప్పకపోతే చెత్త బళ్ళే.

విచారణాధికారి మూడు రోజుల వాన తర్వాత వచ్చాడు. గోధుమరంగు కారులో వచ్చాడు. గేటు బయటే ఆపి, అద్దం రెండు వేళ్ళ మందం దించాడు. శ్మశానం తనిఖీలన్నిటికీ కారులోంచే సంతకం చేసిపోవడం ఆ శాఖలో ఆనవాయితీ.

"సర్వీసు పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నాడు సందులోంచి.

తోడుగారు గొడుగు విప్పి కారు తలుపు దగ్గర నిలబడ్డాడు. "అయ్యా, ఏడో వరసలో ఒక రాయి తోసి చూడాలండీ. ఒక్కణ్ణే వెళ్ళలేను. కాస్త తోడు రారూ, నాకు భయం."

గుమాస్తాకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నీ మీద ఫిర్యాదే అది కదయ్యా" అన్నాడు అధికారి.

"అవునండీ. ఎవరో గానీ నిజమే రాశారు."

"ఇంత వయసొచ్చింది, సిగ్గుగా లేదూ?"

"ఉందండీ. సిగ్గు కంటే భయమే ఎక్కువుందండీ."

అధికారి కాసేపు ముందు అద్దంలోంచి చూశాడు. ఆయన చెయ్యి కారు తాళం దాకా వెళ్ళి ఆగడం గుమాస్తాకి కనబడింది. తర్వాత తలుపు తెరుచుకుంది. "పద, ఏడో వరసే కదా, ఏముంది అక్కడ" అంటూ దిగాడు. ధైర్యం చెబుతున్న మనిషి కాబట్టి తనే ముందు నడవాల్సొచ్చింది.

దారి మధ్యలో నీళ్ళు నిలిచాయి. బూట్లు తడుస్తాయని అధికారి పక్కనున్న గడ్డి మీద కాలు వేశాడు. లోపల ఏదో విరిగిన చప్పుడైంది. మోకాలి దాకా దిగిపోయాడు.

"నన్నెవరో పట్టుకున్నారు" అన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఎవరూ పట్టుకోలేదండీ. పాత పెట్టె మూత కూలింది, మట్టి దిగింది, అంతే. రెండో కాలు కదపకండి." ఆ గొంతు తోడుగారిదే గానీ అందులో వణుకు లేదు. "గుమాస్తా, దారి పక్కన పడున్న ఆ చెక్క ఇటు తొయ్యి." చెక్క మీద బోర్లా పడుకుని అధికారి చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లాగాడు. బూటు లోపలే ఉండిపోయింది. అధికారి వద్దు వద్దంటున్నా భుజం దాకా ఆ గోతిలో చెయ్యి పెట్టి, వెతికి, బూటు తీసి, తన చొక్కా చేతికి తుడిచి ఇచ్చాడు.

అప్పుడు ఇద్దరూ తననే చూస్తున్నారని గమనించాడు. "అమ్మో" అన్నాడు. "ఎంత భయమేసిందో."

చాలా ఆలస్యంగా అన్నాడు. అధికారి బూటు తొడుక్కుంటూ ఆయన వంక చూశాడు, బురదయిన ఆ చెయ్యి వంక చూశాడు. "పదవయ్యా" అన్నాడు మెల్లగా.

ఏడో వరసలో తోడుగారు ఒక రాతికి పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. ఇంతకంటే దగ్గరికి కాళ్ళు రావన్నాడు. అధికారి వెళ్ళాడు. రాతి మీద పేరు చదివి అలాగే నిలబడ్డాడు. పదకొండేళ్ళుగా కారులో గేటు దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయిన కొడుకు. రాతి చుట్టూ ఒక్క కలుపు మొక్క లేదు. పేరులో అక్షరాలు నిన్న తుడిచినంత శుభ్రంగా ఉన్నాయి.

"మా అమ్మ" అన్నాడు.

"అలాగాండీ. రెండు అరచేతులూ ఆనించి మెల్లగా తొయ్యండి, కదులుతుందేమో చూడాలి."

అధికారి చేతులు ఆనించాడు. తొయ్యలేదు, తియ్యలేదు. తోడుగారు అటు వీపు పెట్టి గుమాస్తా వైపు తిరిగాడు.

"ఆ చప్పుడేంటి తల్లీ?"

చప్పుడేమీ లేదు. "ఉడతండీ" అంది ఆమె.

"ఒంటరిదా?"

"కాదండీ. తోడుంది."

చాలాసేపటికి వెనకనుంచి, "గట్టిగానే ఉందయ్యా" అని వినబడింది.

నివేదిక అధికారే ఆఫీసు గదిలో కూర్చుని రాశాడు. 'ఆరోపణ పూర్తిగా నిజము. ఇంత పిరికివాడిని నా సర్వీసులో చూడలేదు. చెత్త బళ్ళ షెడ్డులో ఇతనికి తోడు దొరుకుట కష్టము. కావున ఇక్కడనే ఉంచవలెను. ధైర్యము కొరకు నెలకొకసారి నేను స్వయముగా వచ్చి ఇతనికి తోడు నడిచెదను.' సంతకం పెట్టి, అర్జీ నకలు ఎత్తి చూపించాడు. "ఇది రాసిందెవరో తెలుసా?"

తోడుగారు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "ఎవరో బాగా భయపడి రాశారండీ. పాపం" అన్నాడు.

కారు వెళ్ళాక గుమాస్తా ఆగలేకపోయింది. "బాబాయిగారూ, ఆ అర్జీ రాసింది..."

"తెలుసు తల్లీ. టపా పంపేది నేనే కదా. స్టాంపు తక్కువైతే ఇంకోటి అంటించి పంపా."

"మీ మీదే రాసింది, ఎందుకు పంపారండీ?"

"ఆఫీసు బుట్టలో పడ్డ కవరు ఆపడానికి నేనెవర్ని? పైగా అక్షరాలు వణికి ఉన్నాయి. ఎవరికో ఒకరికి చెప్పుకుంటే నిద్రపడుతుందిలే అనుకున్నా."

సర్వీసు పుస్తకం అప్పజెప్పడానికి తర్వాతి వారం ఇద్దరూ ప్రధాన కార్యాలయానికి వెళ్ళారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. "ఇంక నా దగ్గర ఆ నటన వద్దు బాబాయిగారూ, ఎక్కండి" అంది ఆమె నవ్వుతూ. ఆయన కదల్లేదు. నుదుటి మీద చెమట పోసింది.

"ఇది నటన కాదు తల్లీ" అన్నాడు తల దించుకుని. "నాలుగువైపులా మూసేసిన పెట్టె. మూత పడ్డాక లోపలి మనిషి సంగతి ఎవరికి తెలుస్తుంది? పుట్టినప్పటినుంచీ చూస్తున్నా కదా."

లిఫ్టులో ఉన్నవాళ్ళు వస్తారా రారా అని విసుక్కున్నారు. ఆమె వాళ్ళని వెళ్ళమంది. తలుపు మూసుకున్నాక అయిదు అంతస్తుల మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఒక సంగతి చెప్పనా? నాకూ ఆ లిఫ్టంటే భయమేనండీ. ఒక్కదాన్నే మెట్లెక్కాలన్నా భయమే. కాస్త తోడు రారూ?"

తోడుగారు తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"అయ్యో పాపం, ముందే చెప్పకూడదూ" అన్నాడు. "పద, నేనున్నాగా."

గొడుగు చంకలో పెట్టుకుని మొదటి మెట్టెక్కాడు. ఆయన ముందు నడవగా ఆమె చూడటం అదే మొదటిసారి.